చైనీస్ అక్షరాలు నేర్పే యాప్: తొమ్మిది నెలలు వాడాక చెబుతున్నా

ముందే చెప్పేస్తాను, ఈ యాప్‌కి నేను 5కి 3 ఇస్తున్నాను. ఆ మూడులో రెండున్నర, సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉన్న చేతిరాత భాగానికే. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి చాలా ఉన్నాయి, చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి, నేను చెప్పబోయేది మీరు ఏది కొన్నా పనికొస్తుంది.

నాకు ఉద్యోగపరంగా చైనీస్‌తో పనేమీ లేదు. చదివేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్నది నాకు ఎప్పటి నుంచో తీరని ఆసక్తి. కూడబలుక్కుని చదివే లిపులే తెలిసిన నేను, కూడబలుక్కోవడం అసలు కుదరని లిపి ఒకటి నేర్చుకుంటే ఎలా ఉంటుందో స్వయంగా చూడాలనుకున్నాను. అందుకే ఏడాది చందా కట్టాను. రోజుకి ముప్పావు గంట, మానకుండా తొమ్మిది నెలలు.

యాప్ తెరవగానే ఒక వీడియో వస్తుంది. ఇంగ్లీషు లాంటి భాషల్ని ఎడమ మెదడుతో చదువుతామనీ, చైనీస్ బొమ్మల భాష కాబట్టి కుడి మెదడుతో చదవాలనీ, వాళ్ళ కార్డులు చూస్తూ పోతే కుడి మెదడు చురుగ్గా తయారవుతుందనీ చెబుతారు. తర్వాత కార్డులు మొదలవుతాయి. పర్వతం అనే అక్షరం మీద మూడు శిఖరాల బొమ్మ, చెట్టు అక్షరం మీద కొమ్మలు, నోరు అక్షరం మీద తెరిచిన నోరు. కింద నాలుగు అర్థాలు ఉంటాయి, సరైనది నొక్కితే గంట మోగుతుంది. మొదటి వారం చాలా బాగుంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. రోజుకి పది పదిహేను అక్షరాలు వచ్చేస్తున్నట్టే ఉంటుంది.

రెండు నెలలకి యాప్ లెక్క ప్రకారం నాకు 412 అక్షరాలు వచ్చు. ఆ ధైర్యంతో అదే యాప్‌లో ఉన్న పిల్లల కథ ఒకటి తెరిచాను. మూడు లైన్లు కూడా దాటలేకపోయాను.

ఎందుకు దాటలేకపోయానో ఒక్క ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే అసలు సంగతంతా ఇందులోనే ఉంది. చింగ్ అని ఒక అక్షరం ఉంది, మబ్బుల్లేని నిర్మలమైన ఆకాశం అని అర్థం. దాని ఎడమవైపు సూర్యుడి గుర్తు ఉంటుంది, అంటే నిలువుగా ఒక చిన్న పెట్టె, మధ్యలో ఒక అడ్డగీత. జింగ్ అని ఇంకో అక్షరం ఉంది, కన్ను అనే మాటలో వస్తుంది. కుడి సగం అచ్చంగా అదే. ఎడమవైపు పెట్టెలో మాత్రం ఒక అడ్డగీతకి బదులు రెండు, అంతే తేడా. కార్డుల మీద ఒకదానికి ఎండ కాస్తున్న బొమ్మ, రెండోదానికి కళ్ళజోడు పెట్టుకున్న పిల్లి బొమ్మ ఉండేవి, కాబట్టి ఒక్కసారి కూడా తప్పు నొక్కలేదు. కథలో బొమ్మల్లేకుండా ఎదురయ్యేసరికి ఇవి రెండూ వేరు వేరు అక్షరాలన్న సంగతే నాకు తట్టలేదు. రెండు నెలలుగా నేను గుర్తుపడుతున్నది పిల్లిని. మన ద కింద చిన్న గీత పెడితే ధ అవుతుంది, ఆ తేడా మన కంటికి ఇట్టే తెలిసిపోతుంది కదా, అది బొమ్మ చూసి వచ్చిన తెలివి కాదు, దిద్దీ దిద్దీ, పలికీ పలికీ వచ్చింది.

అక్కడి నుంచి యాప్ చెప్పింది పక్కన పెట్టి, చదవడం మీద పరిశోధనలు చేసినవాళ్ళు ఏం చెప్పారో చదవడం మొదలుపెట్టాను. ఆ వీడియోలో చెప్పిన కుడి మెదడు మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. 1970లలో కొన్ని ప్రయోగాలు జరిగాయి. తెర మీద చూపుకి ఎడమ పక్కన ఒక్క అక్షరాన్ని రెప్పపాటు కంటే తక్కువ సేపు మెరిపిస్తారు, ఎడమ పక్క కనిపించింది ముందుగా కుడి మెదడుకి చేరుతుంది, అలా చూపించినప్పుడు చైనీస్ అక్షరాన్ని మెరుగ్గా గుర్తుపట్టారు. అక్కడ పుట్టింది ఈ ప్రచారం. కానీ 1979లో నేచర్ పత్రికలో ఓవిడ్ జెంగ్ బృందం ఇంకో విషయం కూడా చెప్పింది, రెండు అక్షరాలు కలిసిన పదాలు చూపిస్తే ఫలితం తిరగబడి ఎడమ మెదడుదే పైచేయి అవుతోందని. ఇప్పటి చైనీస్‌లో పదాలు ఎక్కువ శాతం రెండక్షరాలవే. తర్వాత, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే ఎఫ్ఎమ్ఆర్ఐ స్కాన్‌లు వచ్చాక సంగతి ఇంకా తేటపడింది, చైనీస్ చదవడంలో కూడా ప్రధానంగా పనిచేసేది ఎడమ మెదడే.

2000లో మెదడు మీద పరిశోధనలు చేసే లారెంట్ కోహెన్, స్టానిస్లాస్ డెహేన్, వాళ్ళ తోటివాళ్ళు మెదడు ఎడమ వైపు, వెనక, కింది భాగంలో, రాసిన పదాలకి ప్రత్యేకంగా స్పందించే ఒక చిన్న చోటుకి విజువల్ వర్డ్ ఫార్మ్ ఏరియా అని పేరు పెట్టారు. డెహేన్ దాన్ని అక్షరాల పెట్టె అంటాడు. రాత పుట్టి సుమారు అయిదు వేల ఏళ్ళే అయింది, అంత తక్కువ కాలంలో చదవడం కోసం మెదడులో కొత్త భాగం పుట్టే అవకాశం లేదు, కాబట్టి ముఖాల్నీ వస్తువుల్నీ గుర్తుపట్టే ప్రాంతంలోంచే కొంత చోటు అక్షరాలకి కేటాయించుకుంటుందని అతని వాదన. ఫ్రెంచ్ అయినా, హీబ్రూ అయినా, చైనీస్ అయినా ఆ చోటు దాదాపు మారదు. నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. పైకి ఇంత వేరుగా కనిపించే లిపులు లోపల ఒకే చోటికి వెళ్ళి చేరుతున్నాయంటే అది చిన్న విషయం కాదు.

అలాగని తేడా ఏమీ లేదని కాదు. చైనీస్ చదివేవాళ్ళలో ఎడమవైపు ఆ చోటుతో పాటు, కుడివైపు సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న చోటు కూడా అక్షరమాల లిపులు చదివేవాళ్ళలో కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఒక చతురస్రంలో ఏ ముక్క పైన, ఏది కింద, ఏది లోపల అన్న అమరిక చూడాల్సి రావడమే దీనికి కారణం కావచ్చని పరిశోధకులు అంటారు. చార్లెస్ పెర్ఫెట్టి బృందం చైనీస్ కొత్తగా నేర్చుకుంటున్న అమెరికా విద్యార్థుల్ని పరీక్షిస్తే, వాళ్ళలో కూడా చైనీస్ అక్షరాలు చూసినప్పుడు రెండు వైపులా స్పందన కనిపించింది. అంటే పుట్టుకతో సంబంధం లేదు, లిపి కోరిన పని మెదడు నేర్చుకుంటుంది. యాప్ వాళ్ళు ఈ చిన్న నిజాన్ని పట్టుకుని మొత్తం చదువే కుడి మెదడుదని చెప్పేశారు. నాకు కోపం వచ్చింది అక్కడే, ఎందుకంటే ఆ మాట నమ్మే రెండు నెలలు బొమ్మలు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు చేతిరాత సంగతి. ఈ రివ్యూ రాయాలనిపించింది నిజానికి దీని కోసమే.

హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో లీ హై టాన్, వై టింగ్ సియోక్ లాంటివాళ్ళు చేసిన పని చదివాను. అక్షరమాల లిపుల్లో అక్షరాన్ని ధ్వనిగా మార్చి కూడబలుక్కునే పనికి ఎడమ చెవికి పైన, కాస్త వెనక ఉండే ప్రాంతం ముఖ్యం. చైనీస్‌లో దానికంటే ముందుకి, ఎడమ నుదుటి వైపు మధ్య భాగం ఎక్కువ పనిచేస్తోందని వీళ్ళు చూపించారు. 2004లో వచ్చిన పరిశోధనలో, చైనీస్ చదవడానికి ఇబ్బంది పడే పిల్లల్లో తక్కువగా స్పందించింది ఆ నుదుటి వైపు ప్రాంతమే. మరుసటి ఏడాది ఇంకో పరిశోధన బీజింగ్ పిల్లల మీద జరిగింది. పిల్లలు ఎంత బాగా చదువుతారన్నదానికీ, అక్షరాలు చేత్తో రాయగలగడానికీ గట్టి సంబంధం కనిపించింది, ధ్వనుల్ని విడదీసి గుర్తుపట్టే నేర్పుతో సంబంధం అంతకంటే చాలా బలహీనంగా ఉంది. ఇంగ్లీషు పిల్లల విషయంలో ఏళ్ళ తరబడి చెప్పుకున్నదానికి ఇది దాదాపు తలకిందులు.

అది చదివిన రాత్రే సెట్టింగ్స్ మొత్తం వెతికి, అదనపు సాధన అనే పేరుతో ఆఫ్ చేసి ఉన్న చేతిరాతని ఆన్ చేశాను. తెర మీద ఖాళీ గడి వస్తుంది, అర్థం చూపిస్తారు, ఉచ్చారణ వినిపిస్తారు, అక్షరాన్ని వేలితో గీత గీతగా మీరే రాయాలి. గీతల వరుస తప్పితే ఫోన్ వణుకుతుంది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, పెట్టె ఉంటే లోపలివి రాశాక చివరికి అడుగు గీత. మొదట్లో ఈ వరుస గోల ఎందుకా అనుకున్నాను. పది రోజులు రాశాక తెలిసింది. సూర్యుడి గుర్తుకి నాలుగు గీతలు, కన్నుకి అయిదు. పెట్టె పై గీత, కుడి గీత కలిపి ఒకే విసురు, మధ్యలో మలుపు. సూర్యుడికి ఆ విసురు తర్వాత ఒక అడ్డగీత గీసి మూసేస్తాం, కన్నుకి రెండు గీసి మూస్తాం. నా చేతికి ఈ లెక్క అలవాటైన రోజు నుంచి కథలో ఆ రెండు అక్షరాలు కనిపిస్తే వేరు వేరుగానే కనిపిస్తున్నాయి, ఆలోచించాల్సిన పనే లేదు. చూస్తున్నప్పుడు చూపుడు వేలు ఇంచుక కదలడం కూడా గమనించాను.

ఇది నా ఒక్కడి భ్రమ కాదు. 2012లో కిమిహిరో నకమురా, డెహేన్, తైవాన్ పరిశోధకులు కలిసి ఫ్రెంచ్ చదివేవాళ్ళనీ చైనీస్ చదివేవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశారు. అక్షరం ఆకారాన్ని పట్టే వెనక భాగం, రాసే చేతి కదలికని పట్టే ముందు భాగం, ఈ రెండూ రెండు భాషలవాళ్ళలోనూ పనిచేస్తున్నాయి. చైనీస్‌లో ఆ చేతి కదలిక వాటా ఎక్కువ. యంత్రాలు అవే, ఏది ఎంత తిరగాలన్నది లిపిని బట్టి మారుతోంది. 2015లో స్పానిష్, ఇంగ్లీషు, హీబ్రూ, చైనీస్ నాలుగింటినీ పోల్చినప్పుడు కూడా బాగా చదివేవాళ్ళలో విన్న మాటకీ చదివిన మాటకీ మెదడులో చాలా చోట్ల ఒకేలా స్పందన కనిపించింది.

నెలకి రెండు లైవ్ క్లాసులు చందాలోనే వస్తాయి, అవి మాత్రం చాలా మంచివి. ఒకసారి టీచర్ ఏదో పదం చెబితే అందులో షి ఏ షి అని అడిగాను, ఆ పలుకుతో బోలెడు అక్షరాలున్నాయి మరి. ఆవిడ స్పెల్లింగ్ చెప్పలేదు, చెప్పడానికి స్పెల్లింగ్ అంటూ ఏముంది, ఎడమ అరచేయి కెమెరా ముందు పెట్టి కుడి చూపుడు వేలితో దాని మీద రాసి చూపించారు. ఇంకోసారి నేను ఒక అక్షరం గుర్తురాక తడుముకుంటుంటే, “ఆలోచించకండి, చెయ్యి కదపండి, అదే వస్తుంది” అన్నారు. వచ్చింది కూడా. రెండు నెలల కార్డులు నేర్పని సంగతి నాకు ఆ ఒక్క మాట నేర్పింది.

యాప్ చేతిరాతలో ఒక లోపం ఉంది. మీరు వంకరగా గీసినా అది సరిచేసేసి అందంగా చూపిస్తుంది. మట్టి అనే అక్షరంలో కింది అడ్డగీత పొడుగు, పైది పొట్టి. పండితుడు అనే అక్షరంలో పైది పొడుగు, కిందిది పొట్టి. మిగతా అంతా ఒకటే. యాప్ రెండింటినీ సరే అనేస్తుంది. అందుకని గడిలో గడి ఉన్న కాగితాలు ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో రాస్తున్నాను, మీరూ అదే చేయండి.

ఇక ధ్వని. బొమ్మల భాష అన్న మాట వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడే, మిగతావన్నీ దీని ముందు చిన్నవి. చైనీస్ అక్షరాల్లో 80 శాతం పైగా బొమ్మలు కావు, ఒక ముక్క అర్థాన్నీ ఒక ముక్క పలుకునీ సూచించేలా కట్టినవి. ఇందాకటి చింగ్ కుటుంబాన్నే చూడండి. కుడివైపు ముక్క ఒంటరిగా ఉంటే చింగ్, నీలి ఆకుపచ్చ రంగు. పక్కన మూడు నీటి చుక్కలు పెడితే తేట నీరు, అదీ చింగే. హృదయం గుర్తు పెడితే మనసులో భావం, చింగ్. మాట గుర్తు పెడితే దయచేసి అని అడగడం, చింగ్. పురుగు గుర్తు పెడితే తూనీగ పేరులో మొదటి అక్షరం, చింగ్. గొంతు ఎత్తడం, దించడం మారుతుంది, కన్ను దగ్గర చ కాస్తా జ అయింది, అంతే. ఇంత అందమైన కట్టడం కళ్ళముందు ఉంటే ఈ యాప్ ఆరు అక్షరాలకి ఆరు వేరు వేరు బొమ్మలు వేసి ఆరుసార్లు బట్టీ పట్టించింది. అక్షరం మీద గట్టిగా నొక్కి పట్టుకుంటే దాని ముక్కలు విప్పి చూపే పేజీ ఒకటి ఉంది, ఎంతో శ్రద్ధగా చేశారు, కానీ అది ఉందని ఎక్కడా చెప్పరు. నాకు ఆరో నెలలో పొరపాటున తెలిసింది.

మనం తెలియని పదం ఎదురైనా గుణింతం పట్టుకుని పైకి చదివేస్తాం, అర్థం తర్వాత చూసుకోవచ్చు. చైనీస్‌లో అలా ముక్క ముక్క పలికి కలిపేది ఉండదు, అక్షరం గుర్తుకొస్తే దాని పలుకు మొత్తం ఒక్కసారిగా వస్తుంది, రాకపోతే అస్సలు రాదు. కానీ రావడం మాత్రం చాలా త్వరగా వస్తుంది, మౌనంగా అర్థం కోసం చదువుతున్నా పలుకు వచ్చే తీరుతుందని పెర్ఫెట్టి లాంటివాళ్ళు చాలా ప్రయోగాల్లో చూపించారు. చెవి మూసుకుని కంటితోనే చదివే లిపి అంటూ ఏదీ లేదు.

పిన్‌యిన్ విషయంలో కూడా నాకు ఫిర్యాదు ఉంది. పిన్‌యిన్ అంటే చైనీస్ ఉచ్చారణని రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి, చైనాలో 1958 నుంచి అధికారికంగా ఉంది, అక్కడి పిల్లలు మొదటి తరగతిలోనే అది నేర్చుకుంటారు. మొదటి మెట్టులో అది చాలా అవసరం. కానీ ఈ యాప్‌లో మూడో స్థాయి దాకా ప్రతి అక్షరం నెత్తిన అది వచ్చి కూర్చుంటుంది, తీసేసే వీలు లేదు. మన కళ్ళకి రోమన్ అక్షరాలు ఏళ్ళ తరబడి అలవాటు, కాబట్టి ముందు అటే పోతాయి, కింద ఉన్న అక్షరం చూడకుండానే పలికేస్తాం. టాన్ బృందమే 2013లో, పిన్‌యిన్‌తో టైపు చేయడం ఎక్కువగా ఉన్న చైనా పిల్లల్లో చదివే నేర్పు తక్కువగా ఉందని ప్రచురించింది. ఒకటి రెండోదానికి కారణమని దాంతో తేలిపోదు, నిజమే. కానీ పెన్ను పట్టుకోగానే అక్షరం మర్చిపోవడం అనే బాధకి చైనీస్‌లో ఒక జాతీయమే ఉంది, టైపింగ్ రోజుల్లో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఆ మాట అంటుంటారు. నేను కాగితం చీటీ తెర పైభాగాన అడ్డం పెట్టుకుని చదివాను. కంపెనీకి రాశాను, వారం తర్వాత మర్యాదగా జవాబిచ్చారు, పరిశీలిస్తామన్నారు, ఇప్పటికీ అలాగే ఉంది.

కథలు చదివే భాగం బాగుంది. చైనీస్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు, ఎక్కడ పదం ముగిసిందో మనమే తెలుసుకోవాలి. ఇందులో పదాలకి లేత రంగులు వేసి చూపిస్తారు, కొత్తవాళ్ళకి అది చాలా సాయం. ఒక్క చూపులో ఇంగ్లీషు పాఠకుడు కుడివైపు 14, 15 అక్షరాల దాకా ఉపయోగపడే సమాచారం తీసుకుంటే, చైనీస్ పాఠకుడు కుడివైపు మూడు, ఎడమవైపు ఒకటి తీసుకుంటాడని కంటి కదలికలు కొలిచినవాళ్ళు చెప్పారు. తక్కువ అనిపిస్తుంది కానీ ఒక్కో అక్షరంలో ఉన్న సరుకు అంత.

తల్లిదండ్రులకి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ యాప్ ప్రకటనలో, అక్షరాలు చదవడానికి ఇబ్బంది పడే పిల్లలకి చైనీస్ సులువని ఉంటుంది. దయచేసి ఆ మాట నమ్మి కొనకండి. అలాంటి ఆశ కలిగించే పరిశోధనలు ఉన్నమాట నిజమే. 1971లో పాల్ రోజిన్ వాళ్ళు చదవడం రాని అమెరికా పిల్లలకి కొద్ది గంటల్లోనే 30 చైనీస్ అక్షరాలతో ఇంగ్లీషు వాక్యాలు చదవడం నేర్పారు. 1999లో, ఇంగ్లీషు చదవడంలో డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం మాత్రం కష్టమయ్యే ఇబ్బంది) ఉండి జపనీస్ మాత్రం చక్కగా చదివే ఒక కుర్రాడి గురించి వైడెల్, బటర్‌వర్త్ రాశారు. కానీ 30 అక్షరాలు వేరు, మామూలు చదువుకి కావలసిన 3,500 వేరు. చైనీస్‌లోనూ డిస్లెక్సియా ఉన్న పిల్లలు ఉన్నారు, 2010లో చైనీస్, ఇంగ్లీషు పిల్లల్ని పోల్చిన పరిశోధనలో ఇద్దరి మెదళ్ళలోనూ తేడాలు చాలావరకు ఒకే చోట్ల కనిపించాయి. ఇంతకుముందు చెప్పిన టాన్ వాళ్ళ ఫలితానికీ దీనికీ పొత్తు పూర్తిగా కుదరదు, ఆ చర్చ ఇంకా నడుస్తోంది. అలా ఇబ్బంది పడే బిడ్డకి కావలసింది నిపుణుల సాయం. ఇంకో కొత్త లిపి నెత్తిన పెట్టి, అదీ రాకపోతే ఆ పసిమనసు ఏమవుతుందో ప్రకటన రాసినవాళ్ళు ఆలోచించాల్సింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆడియో స్పష్టంగా ఉంది, ఆడ, మగ గొంతులు రెండూ ఉన్నాయి. ఆఫ్‌లైన్‌లో చేతిరాత పనిచేయదు. రోజు తప్పితే పాయింట్లు పోతాయని పంపే మెసేజ్‌లు టెన్షన్ పెడతాయి, ఆపేసుకోండి.

కొనేవాళ్ళు మొదటి రోజే చేతిరాత ఆన్ చేయండి, కార్డుల మీద బొమ్మలు ఆఫ్ చేయండి (ప్రొఫైల్‌లో దృశ్య సహాయం అని ఉంటుంది), ప్రతి కొత్త అక్షరాన్నీ నొక్కి పట్టుకుని ముక్కలు చూశాకే ముందుకి వెళ్ళండి. నా చందా ఇంకో మూడు నెలలు ఉంది. అది అయ్యాక పొడిగిస్తాను, లైవ్ క్లాసుల కోసం. 412 అక్షరాల లెక్కని సున్నాకి తెచ్చుకుని మళ్ళీ రాస్తూ వస్తున్నాను, నిన్నటికి 260 అయ్యాయి, ఈ 260 మాత్రం కాగితం మీద కూడా వస్తున్నాయి.